అందరికీ డెబ్బై రెండే

ఆన్‌లైన్ డిగ్రీ చదువు ఎలా సాగుతోందో చూసి రిపోర్టు రాయమని యూనివర్సిటీ వాళ్ళు పద్మశ్రీని పామర్రు పంపారు. అది 2008. ఆమె విజయవాడలో ఒక కాలేజీలో కంప్యూటర్ లెక్చరర్.

సెంటరంటే ఎరువుల కొట్టు మీద రెండు గదులు. ఎనిమిది కంప్యూటర్లలో మూడే పనిచేస్తున్నాయి. వీడియో పాఠం ఒకటి పెట్టమంటే సెంటరు నడిపే హనుమయ్య తల గోక్కున్నాడు.

"నెట్టు బాగా స్లో అండీ. పిల్లలకి ప్రింట్లు తీసి ఇచ్చేస్తున్నామండీ."

పద్మశ్రీ అసైన్‌మెంట్లు తెరిచింది. నలభై ఒక్కమందికీ డెబ్బై రెండేసి మార్కులు. ఖాళీ పేజీలు పంపినవాడికీ అంతే. నాగవేణి అనే అమ్మాయి ఒక్కతే ప్రతి ప్రశ్నకూ ఒళ్ళు దాచుకోకుండా రాసింది. మూడో అసైన్‌మెంటు చివర ఒక మాట కూడా జోడించింది: "సార్, ఈ లెక్క నాకు అర్థం కాలేదు. దయచేసి వివరించగలరు." జవాబు లేదు. మార్కులు డెబ్బై రెండు. ఎవరూ చదివిన పాపాన పోలేదన్నమాట.

పద్మశ్రీ ఉన్నదున్నట్టు రాసింది. నెల తిరక్కుండా కోర్సు రద్దయింది. పరీక్షలు రాసిన రెండేళ్ళూ చెల్లవన్నారు.

ఒక మధ్యాహ్నం నాగవేణి విజయవాడలో పద్మశ్రీ కాలేజీకి, స్టాఫ్‌రూమ్ వెతుక్కుంటూ వచ్చింది. పెడనలో మగ్గం నేసేవాళ్ళ పిల్ల. పామర్రు సెంటరుకు ఆదివారం ఆదివారం రెండు బస్సులు మారి వెళ్ళేది.

"రిపోర్టు రాసింది మీరేనంటగదండీ?"

"నేనేనమ్మా. కూర్చో."

నాగవేణి కూర్చోలేదు. "అబద్ధం రాశారనట్లేదండీ. మేం చేరినప్పుడే ఎందుకు రాలేదండీ మీరు?"

"మా కాలేజీలో చేరమ్మా. ప్రిన్సిపాల్‌గారితో నేను మాట్లాడతాను" అంది పద్మశ్రీ.

"మళ్ళీ మొదటి ఏడా అండీ? నేను చదువుకుంటున్నానని మా చెల్లి బడి మానేసి మగ్గమెక్కింది. దానికేం చెప్పమంటారు?"

పామర్రు సెంటరు పిల్లలను నేరుగా రెగ్యులర్ డిగ్రీ మూడో ఏడులోకి తీసుకోమని పద్మశ్రీ యూనివర్సిటీకి రెండు ఉత్తరాలు రాసింది. నిబంధనలు ఒప్పుకోవని మూడు వాక్యాల జవాబొచ్చింది. ఆ సంగతి ముఖాముఖి చెప్పాలని వేసవిలో పెడన వెళ్ళింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ చెరో మగ్గం మీద ఉన్నారు.

"కుదరదన్నారమ్మా."

"కుదరదని తెలుసండీ," అంది నాగవేణి, తల ఎత్తకుండానే. "ఎండన పడి వచ్చారు. మంచినీళ్ళు తాగి వెళ్ళండి."