కరపత్రం మీది మనిషి

బెల్లు నొక్కి చందాలక్క రెండడుగులు వెనక్కి జరిగింది. తలుపుకున్న చిన్న అద్దంలోంచి చూసేవాళ్ళకి మనిషి పూర్తిగా కనబడాలి, మొహాన నవ్వుండాలి. ఇన్నేళ్ళయినా బెల్లు మీద వేలు పెట్టగానే ఆమె అరచేతులకు చెమట పడుతుంది. లోపల గడియ చప్పుడైతే భయం. కాకపోతే మళ్ళీ రావాలని భయం.

ఇవాళ్టి భయం వేరు. అది ఆమె చేతిసంచీలో, మోగకుండా నొక్కేసిన ఫోనులో ఉంది.

తెల్లవారుతూనే దర్జీ భార్య ఫోన్ చేసింది. "వదినా, రాత్రంతా ఒకటే జ్వరం. డాక్టర్లు ఏమీ చెప్పట్లేదు. నువ్వొస్తే బాగుణ్ణు."

దర్జీ అంటే కరపత్రం మీద బొమ్మలో ఉన్న మనిషి. ఆ కరపత్రం ఆదివారం జరిగే పాటల కచేరీది. వచ్చిన విరాళాలతో ధర్మాసుపత్రికి ఇంకో డయాలసిస్ యంత్రం కొనాలి. కరపత్రానికి ఒక మొహం కావాల్సి వస్తే, ఫొటో తీసేవాడు నవ్వమన్నప్పుడు అంతమంది రోగుల్లో నవ్వింది ఆయనొక్కడే. ఆమెకి చందాలక్క అని పేరు పెట్టిందీ ఆయనే. "ఏం చందాలక్కా, నా మొహం చూసి ఎవరైనా జేబులో చెయ్యి పెట్టారా? పెట్టకపోతే జేబు కుట్టినవాడిది తప్పు, నాది కాదు" అనేవాడు.

జ్వరం సంగతి వినగానే ఆసుపత్రి చందాల మేనేజరు, "ఆదివారం దాకా ఉంటే చాలమ్మా" అన్నాడు. అనేసి నాలుక్కరుచుకుని, "ముందు ఆ షోరూం వాళ్ళ చందా సంగతి చూడు. ఆసుపత్రికి సాయంత్రం వెళ్దువుగాని" అన్నాడు. ఆమె తలూపింది. కేకలేసే తండ్రికి తలూపింది, నోరు విప్పని మొగుడికి తలూపింది, అతను పోయాక "నీకేం పని చేతనవును?" అన్న తోడికోడలికీ తలూపి చందాలు వసూలు చేసే ఈ ఉద్యోగంలో చేరింది. ఎవర్నీ ఏదీ అడిగి ఎరగని మనిషికి చివరికి అడగడమే పనయింది.

తలుపు తీసిన ఆవిడ కరపత్రం అందుకుంది. "పాపం, ఈయన బాగున్నాడా ఇప్పుడు?"

చందాలక్క నవ్వు చెదరనివ్వలేదు. "బాగున్నారండీ."

మధ్యాహ్నం ఫర్నిచర్ షోరూం యజమాని ఆమెను కొత్త సోఫాలో కూర్చోబెట్టాడు. దాని మీది ప్లాస్టిక్ ఇంకా తీయలేదు. కదిలితే చప్పుడవుతోందని ఆమె కదల్లేదు.

"యంత్రం ఖర్చంతా నేనే పెట్టుకుంటా. కానీ చెక్కు స్టేజీ మీద ఈ కరపత్రంలో ఉన్నాయన చేతికే ఇస్తా. వస్తాడా?"

సంచీలో ఫోను వణికింది. ఆగి, మళ్ళీ వణికింది.

"వస్తాడా అని అడుగుతున్నా."

"వస్తారండీ."

"మంచి కోటు కుట్టుకుని రమ్మను. కుట్టుకూలీ కూడా మిగుల్తుంది!" అని ఆయన పకపకా నవ్వాడు. ఆమె కూడా నవ్వింది.

బయటికొచ్చాక కూడా ఫోను తీయలేదు. తీస్తే తెలుస్తుంది. ఒక స్టాపు ముందే బస్సు దిగేసి, దుకాణాల బోర్డులు చదువుకుంటూ మెల్లగా నడిచింది. ఆసుపత్రి గేటు కనిపించాక కూడా, చివరి బోర్డు పూర్తిగా చదివాకే లోపలికి వెళ్ళింది.

డయాలసిస్ గది అద్దం తలుపులోంచి చూస్తే దర్జీ కుర్చీలో ఎవరో అమ్మాయి కూర్చుని ఉంది. ఒకరు లేస్తే ఇంకొకరు. ఆ యంత్రాన్ని ఖాళీగా ఉంచరు.

దర్జీ భార్య వరండాలో గోడకానుకుని కూర్చుంది. "ఎన్నిసార్లు చేశాను వదినా! మధ్యాహ్నమే అయిపోయింది. బాధేం పడలేదులే, నువ్వు ఏడవకు" అని తనే ఈమె వీపు రాసింది.

ఆ చెయ్యి వీపు మీద ఉండగానే చందాలక్క ఫోను తీసి షోరూంకి చేసింది.

"ఆయన రారండీ. పోయారు. మీరడిగినప్పుడే ఒంట్లో బాగాలేదు. తెలిసి కూడా భయపడి చెప్పలేదు."

"అయ్యయ్యో" అన్నాడు యజమాని. నిజంగానే నొచ్చుకున్నాడు. ఆ తర్వాత, "మరి స్టేజీ మీదికి ఇంకెవరైనా ఉన్నారా? చిన్నవాళ్ళయినా పర్లేదు. చిన్నవాళ్ళయితే ఇంకా మంచిది" అన్నాడు.

అద్దం అవతలి అమ్మాయి ఈమెనే చూస్తోంది. చూసి, పెద్దవాళ్ళని చూసి నవ్వాలి కాబట్టి, కొంచెం నవ్వింది.

చందాలక్క అద్దానికి వీపు పెట్టి అడ్డంగా నిలబడింది.

"ఎవరూ లేరండీ."

"అలాగా... సరే, ఆలోచించి చెప్తా." ఫోను పెట్టేశాడు. ఆయనిక చెప్పడు. రేపు మేనేజరు అరుస్తాడు, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో. భయం ఎక్కడికీ పోలేదు. కానీ ఆమె తలూపలేదు.

దర్జీ భార్య లేచి, ఆయన సామాన్లున్న సంచీ భుజానికి తగిలించుకుంది.

"ఆయన దుప్పటి?" అంది చందాలక్క.

"ఉండనీ వదినా. ఒంట్లో రక్తం బయట తిరిగొస్తుంటే చలి పుడుతుంది. ఆ పిల్ల కప్పుకుంది."

ఎవరెవరివో పాంట్లు కుట్టగా మిగిలిన గుడ్డముక్కలు కలిపి దర్జీ కుట్టుకున్న దుప్పటి అది. బూడిదరంగు, నీలం, మళ్ళీ బూడిదరంగు. ఒక పక్క అంచు ఇంకా సగమే మడిచి ఉంది. ఆ సగం దగ్గర, దారం తెంపని సూది గుచ్చి ఉంది.