కిటికీలు లేని గోడ

సగానికి విరిచిన బ్లేడుతో గురుమూర్తి ట్రేసింగు కాగితం మీది గోడను గీకుతున్నాడు. ఎండిన సిరా నల్లటి పొడిగా లేస్తోంది. చెయ్యి కాస్త బరువైతే కాగితం చిరుగుతుంది. గీకినచోట రబ్బరుతో రుద్ది, బొటనవేలి గోటితో నున్నగా నొక్కాడు.

"ఏటండీ, కట్టకముందే గోడ గీకేస్తన్నారేటి?" అంది భార్య పైడమ్మ.

"కిటికీలెడతన్నాను."

స్టీలు ప్లాంటు డ్రాయింగు ఆఫీసులో ముప్పయ్యేళ్లుగా ఇంజనీర్ల గీతలను సిరాలో దిద్దుతున్న ట్రేసరు అతను. ప్లాంటు టౌన్‌షిప్పు సెక్టర్ 6లో ఒకప్పటి పొరుగింటి పిల్ల మణిమాల ఇప్పుడు బోట్స్వానాలో టీచరు. అక్కడ ఇంటిస్థలం దొరికిందనీ, "ప్లాను నువ్వే గియ్యాల మామయ్యా" అనీ రాసింది. గీసి పంపాడు. ఇళ్లకు అనుమతులిచ్చే అక్కడి ఆఫీసరు దాన్ని తిప్పి పంపాడు. తూర్పు గోడ పక్కన ఎర్రసిరాతో ఒకటే ప్రశ్న: "ఈ గోడకు కిటికీలెందుకు లేవు?" వచ్చే నెలాఖరులోగా సరిచేసిన ప్లాను అందకపోతే స్థలం వెనక్కి పోతుందట.

ఆ ప్రశ్న దగ్గర గురుమూర్తి రెండు రోజులు ఆగిపోయాడు. ఉద్యోగంలో చేరాక అతనున్న మూడు క్వార్టర్లకూ ఒక గోడ పక్కింటివాళ్లతో ఉమ్మడి. ఇంటికి నాలుగో వైపునుంచి కూడా గాలి రావచ్చన్న సంగతి అతని చేతికి తెలియలేదు.

"ఆ పక్కనేటుందట?"

"గడ్డి. వట్టి మైదానం."

"మరి ఉప్పయిపోతే ఆ పిల్ల ఏ గోడ కొట్టుద్ది?"

గురుమూర్తి కలం ఆపి నవ్వాడు. ఈ ఇంట్లో పైడమ్మ గోడమీద రెండు దెబ్బలు వేస్తే చాలు, పక్కింటి అప్పలకొండ ఉప్పుగిన్నెతో వచ్చేస్తుంది. ఆ మైదానం మీద పొద్దు ఎలా పొడుస్తుందో, వాన ముందు గాలి ఏం వాసనేస్తుందో అనుకుంటూ, ఒక కిటికీ అనుకున్నచోట రెండు గీశాడు.

పదకొండింటికి సైకిలు మీద పవర్ హౌస్ బజారులోని పోస్టాఫీసుకు వెళ్లి, ప్లానును రిజిస్టరు పోస్టు చేసి వచ్చాడు. భోంచేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నాలుగింటికి టీ తెచ్చిన పైడమ్మ రెండుసార్లు పిలిచింది. భుజం తట్టింది; చల్లగా తగిలింది. గ్లాసు కింద పెట్టి, ఆయన మీదుగా వంగి గోడను కొట్టింది. కొడుతూనే ఉంది. అప్పలకొండ ఉప్పుగిన్నెతోనే పరుగెత్తుకొచ్చింది.

మూడు నెలలకు అనుమతి ముద్ర పడిన ప్లాను నకలొకటి మణిమాల పైడమ్మ పేర పంపింది. చదువురాని పైడమ్మ ఆ గోడ కిటికీలు లెక్కపెట్టుకుంది. రెండూ ఉన్నాయి. కాగితాన్ని ఆయన బల్లమీద పరిచింది. పక్కనే సగం బ్లేడు, దాని అంచున ఆ గోడ నల్లపొడి.