కుడికాలి చెప్పులు

అబ్బులు ఎడమకాలి చెప్పుకి సైకిలు ట్యూబు ముక్క అతికించుకుంటున్నాడు. కుడికాలిది కొత్తగానే ఉంది. ఎప్పుడూ అంతే. జత కొన్న కొన్నాళ్లకే ఎడమదానికి బొటనవేలి కింద చిల్లు పడుతుంది. కుడిది మాత్రం కొట్లోంచి ఇప్పుడే తెచ్చినట్టు ఉంటుంది.

"ఇంకో కాలు ఎవరికైనా అద్దెకిచ్చావా ఏంటి?" అని సరోజిని పెళ్లయిన కొత్తల్లో మొదలెట్టిన వేళాకోళం ఇంకా ఆపలేదు. మిగిలిపోయిన కుడికాలి చెప్పుల్ని పారెయ్యడానికి చేతులు రాక గోనెసంచిలో వేసి మంచం కిందకి తోస్తుంది. ఒక సంచి నిండిపోయి, రెండోది మొదలైంది.

తప్పంతా క్లచ్చిది. బందరులో శోభనాద్రిగారి సప్లయర్స్‌లో షామియానాలు, కుర్చీలతోపాటు ఒక ఊరేగింపు కారు కూడా ఉంది. దానికి డ్రైవరు అబ్బులు. పెళ్లికొడుకునీ పెళ్లికూతుర్నీ వెనక ఎత్తుగా కూర్చోబెట్టి, ముందు బ్యాండు, చుట్టూ చుట్టాలు నడుస్తుంటే, వాళ్ల నడకకి తగ్గట్టు బండిని పాకించాలి. మొదటి గేరు, సగం నొక్కిన క్లచ్చి. కుడికాలికి పనేముంది? ఎక్సలేటరు మీద ఊరికే అలా ఆనించి ఉంచడమే.

ఆ కారేమో ఎర్రటి స్పోర్ట్సు కారు. టాపు లేదు. ఎవరో షావుకారు ముచ్చటపడి మద్రాసు రేవులో దించుకుని, సరదా తీరాక అమ్మేశాడు. ముక్కు ముందుకి పొడుచుకొచ్చి, ఎప్పుడెప్పుడు దూకుదామా అన్నట్టుంటుంది. పాపం, ఎక్కడికని దూకుతుంది? ఊరు దాటాల్సి వస్తే గతుకుల్లో పాడవుతుందని శోభనాద్రి లారీ ఎక్కించేవాడు. స్పీడు చూపించే ముల్లు సున్నా పక్కనే పడుకుని ముసలిదైపోయింది. అబ్బులు సంగతీ దాదాపు అంతే.

"గుండెల మీద అలా రుద్దుకుంటున్నావేంటి? ఆస్పత్రికి పదమంటే వినవు గదా!" అంది సరోజిని.

"గ్యాసేలేవే. గుడివాడలో పెళ్లి పెట్టుకుని ఆస్పత్రి ఏంటి?" అంటూ చెప్పులేసుకుని బయటపడ్డాడు.

ఆ పెళ్లి మామూలు పెళ్లి కాదు. డీజే వ్యాన్లు వచ్చాక ఊరేగింపు కారుని అడిగేవాళ్లు లేకుండా పోయారు. శోభనాద్రి నిన్ననే తేల్చి చెప్పేశాడు. "మన బండికీ పెద్ద సౌండు పెట్టిద్దాం అబ్బులూ. రేపు పాట ఆగకుండా మోగిందా, బండి ఉంటుంది. మధ్యలో ఆగిందా, ఎల్లుండి పొద్దున్నే, కొంటానన్న బెజవాడాయన వచ్చి పట్టుకుపోతాడు. ఇంక నన్ననుకుని లాభంలేదు."

బండినొకడికి అప్పజెప్పి షామియానా గుంజలు మొయ్యాలా? చస్తే మొయ్యనని అబ్బులు అప్పుడే అనేసుకున్నాడు.

కోనేరు సెంటరు వెనక మైకుసెట్ల విల్సన్ పొద్దున్నే పనిలోకి దిగాడు. డాష్‌బోర్డులోంచి పాత స్పీకరు ఊడదీస్తే, సముద్రపు గాలికి తుప్పుపట్టి చేతిలోనే పొడిపొడైంది. సీటు కింద యాంప్లిఫయరు బిగించాడు. వెనక సీటు పీకేసి రెండు పెద్ద బేసు పెట్టెలు దించాడు.

"టాపున్న కారైతే చిన్న స్పీకరుకే అదిరిపోద్ది బాబాయ్. దీంట్లో పాటంతా ఆకాశంలోకి లేచిపోతుంది. పెట్టెలే దిక్కు."

"మరి పెళ్లికొడుకూ పెళ్లికూతురూ?"

విల్సన్ నాలిక కరుచుకున్నాడు. ఇంత సేపూ ఆ సంగతే ఎవరికీ తట్టలేదు! చివరికి పెట్టెల మీద చెక్క వేసి, ఎర్ర వెల్వెట్టు గుడ్డ కప్పి, ఇదే సింహాసనం అనుకోమన్నాడు. పువ్వులాయన వచ్చి బానెట్టు మీద, అంచుల వెంబడి చామంతి దండలు కట్టాడు. పాట పెట్టగానే ఆ అదురుకి పూరేకులు జలజలా రాలాయి. పువ్వులాయన నెత్తి కొట్టుకున్నాడు. అబ్బులుకి మాత్రం ఒళ్లు పులకరించింది. ఇన్నాళ్లూ బ్యాండువాళ్ల వెనక నోరు లేనట్టు నడిచిన బండి, ఇవాళ సెంటరు సెంటరంతా తలతిప్పి చూసేలా అరుస్తోంది.

విల్సన్ మాత్రం బానెట్టు ఎత్తి గొణుక్కుంటున్నాడు. "ఒక చిక్కుంది బాబాయ్. ఈ పెట్టెలు కరెంటు తెగ తాగేస్తాయి. బండి పరిగెడితే బ్యాటరీ నిండుద్ది. నడిస్తే నిండదు."

"నా బండి ఎప్పుడు పరిగెట్టిందిరా?"

"అదే గదా నేననేది!"

అప్పటికే లారీ వచ్చి హారను కొడుతోంది.

గుడివాడలో చర్చి ముందు పెళ్లికొడుకు జేమ్స్, పెళ్లికూతురు సుప్రియ పెట్టెల మీద ఎక్కి కూర్చున్నారు. జేమ్స్ కోటు గుండీ లాక్కుంటూ బిగుసుకుపోయాడు. సుప్రియ మాత్రం తెల్లచీర సర్దుకుని, అబ్బులు వైపు వంగి, "తాతయ్యగారూ, కింద గుడగుడలాడుతోందండీ, కితకితలు పెడుతోంది!" అని పకపకా నవ్వింది.

ఊరేగింపు కదిలింది. మొదటి సందు బాగానే గడిచింది. పిల్లలు గంతులేస్తున్నారు. శోభనాద్రి ముందు నడుస్తూ వెనక్కి తిరిగి చెయ్యి ఊపుతున్నాడు. రెండో సందు మలుపులో పాట జీరపోయింది. డాష్‌బోర్డులో చిన్న దీపం ఎర్రబడింది. అబ్బులు బండాపి ఎక్సలేటరు తొక్కి రొద పెట్టాడు. కాస్త తేరుకుని మళ్లీ నీరసపడింది.

శోభనాద్రి ఆగి, అతని వంక చూశాడు. ఆ చూపులో బెజవాడాయన అప్పుడే కనిపించాడు.

అబ్బులుకి ఒళ్లు మండింది. బండి తప్పేముంది ఇందులో? పరిగెత్తడానికి పుట్టినదాన్ని నడిపించి నడిపించి, నోరిచ్చి, ఆ నోటికి తిండి పెట్టకుండా, ఇప్పుడు పనికిరాదంటారా? ఎదురుగా సందు చివర బైపాసు రోడ్డు ఖాళీగా, ఎండలో తళతళలాడుతూ కనిపించింది.

"అమ్మా, బాబూ, ఆ చెక్క మీంచి దిగి, పెట్టెల మధ్య కూర్చోండి. నా సీటు గట్టిగా పట్టుకోండి."

"ఎందుకండీ?" అన్నాడు జేమ్స్.

సుప్రియ అప్పటికే దిగిపోయింది.

అబ్బులు హారను మీద చెయ్యి తియ్యకుండా నొక్కాడు. ముందు నడుస్తున్న జనం రెండుపక్కలకీ చీలిపోయారు. ఎడమకాలు క్లచ్చి వదిలేసింది. కుడికాలు, ఏ పనీ ఎరగని ఆ కుడికాలు, ఎక్సలేటరుని అడుగంటా తొక్కింది. బండి ఒక్క ఊపు ఊపి దూకింది. "ఒరే అబ్బులూ! ఆపరోయ్!" అన్న శోభనాద్రి కేక వెనకెక్కడో ఉండిపోయింది.

రెండో గేరు. మూడోది. నాలుగో గేరు ఎటుపడుతుందో అతనికి సరిగా గుర్తే లేదు, చెయ్యే వెతుక్కుని వేసుకుంది. ముల్లు వణుక్కుంటూ లేచింది. పక్కన పంటకాలువ, దాని వెనక వరిచేలు వెనక్కి పారిపోతున్నాయి. దండలు తెగి గాల్లో ఎగిరిపోయాయి. చచ్చిందనుకున్న పాట గొంతు విప్పి, చేలల్లో కొంగల్ని లేపింది. సుప్రియ మేలిముసుగు జెండాలా ఎగురుతోంది.

"ఇంకా పోనీయండి తాతయ్యగారూ!"

"దేవా! దేవా!" అంటున్నాడు జేమ్స్, పెట్టెని కావిలించుకుని.

ఇంజను వేడికి కాలికింద పెడలు కాగిపోతోంది. అబ్బులు కాలు తియ్యలేదు. గుండెల్లో ఏదో పట్టేసినట్టయింది. పట్టుకోనీ అనుకున్నాడు.

చర్చి దగ్గరికి తిరిగొచ్చేసరికి పాట మోగుతూనే ఉంది. పెళ్లికొడుకు నాయనమ్మ సువార్తమ్మ చేతికర్ర పైకెత్తి మీదికొచ్చింది. సుప్రియ అడ్డుపడి, "నా జన్మలో నేను ఇంతలా ఎప్పుడు నవ్వాను నాయనమ్మా!" అంది. అయినా శోభనాద్రి మొహం ఎర్రగా కందిపోయింది.

"ఊరేగింపంటే జనం చూడాలయ్యా! జనాన్నొదిలేసి పోయేది ఊరేగింపెట్లా అవుద్ది? రేపు బండి ఇచ్చేస్తున్నాను. అయిపోయింది."

"పాట ఆగిందా అండీ?"

శోభనాద్రి మోగుతున్న పెట్టెల వంక చూసి మొహం తిప్పుకున్నాడు.

"అమ్ముకోండి. కానీ నడిచే బండి అని చెప్పి అమ్మకండి. పరిగెత్తుతుందని చెప్పి అమ్మండి. ఆ లారీని పంపించెయ్యండి, నేను తోలుకుపోతాను."

అన్నట్టే గుడ్లవల్లేరు, పెడన మీదుగా పాట పెట్టుకుని బందరు తోలుకొచ్చాడు. గతుకులు ఒక్కటీ వదల్లేదు. షెడ్డులో పెట్టి, బానెట్టు మీద ఒక్క చరుపు చరిచి, తాళం కొక్కేనికి తగిలించి ఇంటికి నడిచాడు.

గుమ్మంలో చెప్పులు విప్పుతూనే కేకేశాడు. "సరోజినీ! నా కుడికాలు నొప్పెడుతోందే!"

అంత గర్వంగా నొప్పి చెప్పుకునే మనిషిని ఆవిడ ఎక్కడా చూడలేదు. చారన్నం పెడుతూ కథంతా విన్నది. కొంగల దగ్గర రెండుసార్లు చెప్పించుకుంది. అతను మంచమ్మీద పడుకుని, కుడికాలు చాపి, నొక్కమన్నాడు. ఆవిడ నొక్కుతూ ఉండగానే అతని కళ్లు మూతలు పడ్డాయి. నిద్రే అనుకుంది. తెల్లారి కాఫీ తెచ్చి లేపితే లేవలేదు.

అదే పొద్దున బెజవాడాయన వచ్చాడు. బండి ఎంతకీ స్టార్టు కాలేదు. తోసుకుంటూ పోయి లారీ ఎక్కించారని విల్సన్ వచ్చి చెప్పి, గోడకానుకుని ఏడ్చాడు.

దినాలయ్యాక సరోజిని మంచం కింద సంచులు బయటికి లాగింది. అన్నీ కుడికాలివే. ఒక్కటీ అరగలేదు. ఎవరికిద్దామన్నా ఒంటిచెప్పు ఎవరికి పనికొస్తుంది? గుమ్మం పక్కన అతను విప్పిన జత అలాగే ఉంది. ఎడమదానికి ట్యూబు ముక్క. కుడిదాన్ని సంచిలో వెయ్యబోతూ తిరగేసి చూసింది. అడుగున రబ్బరు కరిగి, ఎక్సలేటరు గీతలు వరసగా, లోతుగా అచ్చుపడి ఉన్నాయి.