పుదీనా మీద పులిసిన మజ్జిగ

బెల్లంపల్లి గని క్వార్టర్ల వెనక అనసూర్య రెండు డబ్బాల్లో పుదీనా పెట్టింది. ఎంత మేకల ఎరువు వేసినా రెండూ ఎదగలేదు. ఆకు కూడా తాగుతుందనీ, పులిసిన మజ్జిగ నీళ్లలో కలిపి చల్లి చూడమనీ సంతలో కలిసిన గ్రామసేవక్ చెప్పాడు. ఏమవుతుందో చూద్దామని ఆమె ఒక డబ్బాకే చల్లింది. కొన్నాళ్లకే అది గుబురుగా లేచింది. రెండోది ముడుచుకునే ఉంది.

"సల్లల ఏమున్నదో గానీ, పానం లేచొచ్చింది," అని పక్కింటి సమ్మవ్వకు చూపించింది.

"సల్లతోనా, నీళ్లతోనా? గా రెండోదాని మీద ఉత్త నీళ్లు జల్లి చూడరాదు బిడ్డా," అంది సమ్మవ్వ.

అనసూర్యకు ఒళ్లు మండింది. అయినా మనసు ఊరుకోలేదు. రోజూ మొదలు దగ్గర పోసే నీళ్లనే రెండోదాని ఆకుల మీద చల్లసాగింది. అదీ మొదటిదానంత గుబురుగా పెరిగింది.

మరి మజ్జిగ చేసిందేమిటి? రెండో డబ్బాలో ఓ మూలన నీళ్లు తగలకుండా మిగిలిన ఒక కొమ్మ కింద అరచేయి పట్టి నీళ్లు చల్లింది. చేతిలోకి నల్లటి నీళ్లు కారాయి.

"బొగ్గు దుమ్ము. గిన్నొద్దులు దీనికి ఊపిరాడలే," అంది.

అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన భర్త పోశం, బండ మీద కూర్చుని మొహం కడుక్కుంటున్నాడు. "బొగ్గు బాయిల దిగకున్నా గంత దుమ్ము వట్టిందా?" అని నవ్వబోయి దగ్గాడు. దగ్గు ఎంతకీ ఆగలేదు.

అనసూర్య చెంబు పట్టుకుని అతని ఛాతీ వైపే చూస్తూ నిలబడింది.

"ఆకునంటే పైనుంచి కడిగిన," అంది. "నీ లోపల ఏం జల్లాలె?"