ఎండకు పెట్టిన సంచి

అఖిలకు అయిదేండ్లు. పుట్టిన వారానికే పేగు మెలిపడితే, కోసెయ్యంగా మిగిలింది జానెడు. పేగు పొట్టిదైనా పేగుబంధానికి పొట్టితనం లేదు. మల్దకల్‌లో నాయనమ్మ హన్మమ్మ ఆ పిల్లను చంక దించదు. నోటితో తిన్నది ఒంటికి చాలదు గనుక, రోజూ పొద్దుగూకంగనే అమ్మ రజిత ఒక పసుపుపచ్చ సంచి తగిలించి, ఎదురొమ్ములోని గొట్టం గుండా తిండిని నెత్తురులోకి ఎక్కిస్తుంది.

మూడు నెలలకోసారి హైదరాబాద్ దవాఖానలో నెత్తురు పరీక్ష. ఈసారి డాక్టరమ్మ కాగితం చూసి నొసలు ముడిచింది.

"జింకు బాగుంది, ఐరన్ బాగుంది. ఏ విటమిన్ తగ్గింది."

"ఏ విటమినో మీరే చెప్పాలె గద మేడం," అంది హన్మమ్మ.

"దాని పేరే ఏ, అవ్వా. నెలలో పెరగకపోతే పిల్లను ఇక్కడే వార్డుల ఉంచుకోవాలె. ఇంట్ల సంచి ఎట్ల వాడుతున్నరు?"

చేతులు కడుక్కోవడం మొదలుకొని రజిత అన్నీ అప్పజెప్పింది. తన పేరు రాలేదని హన్మమ్మకు ఉక్రోషం.

"అసలు పని నాది. ఫ్రిజ్‌లకెల్లి తీస్తే సంచి మంచుగడ్డ. పిల్లకు సలువ చేస్తదని సంచి మీది కవరు తీసి, వాకిట్ల మంచమ్మీద రెండు గంటలు ఎండకు పెడ్త. ఈమె చేను కాడికెల్లి వచ్చేటాల్లకు మల్ల తొడుగుత. మా ఇంట్ల పసిపిల్లల తానం నీల్లన్నీ గట్లనే కాగినయ్."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "నీళ్లల్ల విటమిన్లుండవవ్వా. దీంట్ల ఉన్నయి వెలుతురు తగిల్తే చచ్చిపోతయి. కవరు తియ్యొద్దు. నీడకు పెట్టు, చల్లదనం అదే పోతది."

బస్సులో జడ్చర్ల పోయింది, కొత్తకోట పోయింది, హన్మమ్మ తన అరచేతులే చూసుకుంటున్నది. పిల్లను వార్డుకు పంపేది తన చెయ్యేనా?

తెల్లారి తన నీలం గద్వాల చీర చింపి, కవరు మీద ఇంకో కవరు కుట్టింది. వడ్లగది కిటికీ మూసి, సంచిని అక్కడ పెట్టింది.

"నాయనమ్మా, నా సంచికి చీర గట్టినవ్. బొట్టు గూడ పెట్టు," అంది అఖిల.

"పెడ్త తియ్యి. ముందు తలుపెయ్యి, ఎండొస్తది."

నెల తిరిగింది. డాక్టరమ్మ కాగితం చూసి నవ్వింది. "ఏ పెరిగిందవ్వా. ఇంటికి పోండ్రి."

"మల్లొక్కసారి సదువు మేడం," అని హన్మమ్మ మూడుసార్లు చదివించుకుంది.

మర్నాడు పొద్దున్నే, వాకిట్లో మునుపు సంచి పెట్టిన మంచమ్మీదనే అఖిలను కూర్చోబెట్టింది.

"నాయనమ్మా, ఎండ."

"వద్దన్నది సంచికి. నీకేం వద్దన్లే, కూసో," అంటూ జడ విప్పింది.