ఎంత దూరం వినిపిస్తుంది

మా ఆయన తానేలి అడవిలో ఉన్నంతసేపూ నేను వంటింటి కిటికీ చిన్న రెక్క తెరిచే ఉంచుతాను. బయట చలి సున్నాకి ఇరవై డిగ్రీలు కింద ఉన్నా సరే. మోటారు రంపం మానులోకి దిగినప్పుడు దాని గొంతు పైకి లేస్తుంది. చెట్టు పడ్డాక బుడబుడమంటూ ఒకచోట నిలబడుతుంది. కొమ్మలు కోసేటప్పుడు ఎక్కిళ్లు వచ్చినట్టు ఆగి ఆగి పలుకుతుంది. యాభై నాలుగేళ్లుగా ఆయన క్షేమం నాకు ఆ చప్పుడులోనే తెలుస్తోంది.

ఈ పద్ధతి మా అత్తగారు నేర్పింది. పెళ్లయి వచ్చిన తొలి చలికాలమే చెప్పింది. "చప్పుడు ఆగిందంటే కాఫీ గిన్నె పొయ్యి మీద పెట్టు. అది పొంగేలోగా మళ్లీ చప్పుడు రాలేదనుకో, బూట్లు తొడుక్కో. ఆలోచిస్తూ కూర్చోకు, నడు." ఆవిడ రోజుల్లో గొడ్డలి చప్పుడు, నా రోజుల్లో రంపం చప్పుడు. అంతే తేడా.

ఇన్నేళ్లలో గిన్నె రెండుసార్లు పొంగింది. ఒకసారి రంపం గొలుసు తెగింది. ఇంకోసారి దుప్పి ఒకటి దూడతో ఎదురుపడితే తానేలి కదలకుండా నిలబడిపోయాడు. మూడోసారి నేను గిన్నె పెట్టనే లేదు. ఆ రోజు మా కోసం కట్టెలు కొడుతున్నది తానేలి తమ్ముడు ఓల్లి. నేను రేడియోలో నాటకం వింటున్నాను. నాటకం అయిపోయాక గాని అడవి మూగబోయిందని తెలియలేదు. నేను వెళ్లేసరికి అతని ఒళ్లు చల్లబడిపోయి, టోపీ మీద మంచు కరగడం మానేసింది. తానేలి నన్ను ఒక్క మాటా అనలేదు. అనకపోవడం వల్లే అది ఇప్పటికీ నాలో ఉండిపోయింది.

నాకు వీడ్కోళ్లు ఎప్పుడూ ఇలాగే జరుగుతాయి. యుద్ధంలో, నాకు నాలుగేళ్లప్పుడు, పిల్లలకి అక్కడైతే ప్రమాదం ఉండదని మెడలో పేరు చీటీ కట్టి స్వీడన్ రైలెక్కించారు. పక్క పిల్ల చేతిలో బొమ్మ చూసి తల తిప్పేసరికి ప్లాట్‌ఫారం మీద అమ్మ లేదు. మూడేళ్లకి తిరిగొచ్చినప్పుడు అమ్మ మాట్లాడే భాష నాకు అర్థం కాలేదు. చలిగాలి రాకుండా గోడలకి అంటించిన పాత పేపర్లు చూసుకుంటూ నాకు నేనే చదవడం నేర్చుకున్నాను. అప్పట్నుంచి ఏది దొరికినా చదువుతాను. ముఖ్యంగా హెచ్చరికలు.

ఈ ఫిబ్రవరిలో మా పాత రంపం చచ్చిపోయింది. స్టార్ట్ చెయ్యడానికి తానేలి తాడు పదకొండుసార్లు లాగాడు. పన్నెండోసారికి ముఖం బూడిదరంగుకి తిరిగి, నరికే దుంగ మీద కూర్చుండిపోయాడు. ఆయనకి ఎనభై ఒకటి. పోయిన శరదృతువులో బంగాళాదుంపల సాళ్ల మధ్య పడిపోయి, నేను పిలిస్తే చాలాసేపటికి గాని పలకలేదు. డాక్టరు గుండె మాత్రలు మార్చాడు. పనులు మానేయమనలేదు. మానేయమన్నా ఈయన వినేవాడు కాదు.

"ఈ ఏడాది కట్టెలు కొనేద్దాం," అన్నాను.

"కొను. కట్టెలు దింపాక అదే బండిలో నన్ను ఎక్కించి పంపెయ్."

చెట్లలోకి నీరెక్కకముందే, మంచు మెత్తబడకముందే కొట్టుకోవాలి. అప్పుడే వేసవికి ఎండుతాయి. అంటే రంపం ఇప్పుడే కావాలి.

రెండు వారాలకోసారి మా దారిలోకి గ్రంథాలయం బస్సు వస్తుంది. దాన్ని నడిపే ఇంకేరి నా కోసం రంపాలని పరీక్షించి రాసిన పత్రికలు నాలుగు తెచ్చింది.

"సైమీ, నవలలు వదిలేసి ఇవేంటమ్మా? కలప కంపెనీ పెడుతున్నావా?"

"ఆ. నీకు గుమస్తా ఉద్యోగం ఇస్తాలే."

నాలుగూ చదివాను. కత్తి పొడవు, బరువు, గొలుసు సాగితే బిగించడం ఎంత సులువు, చేతుల్లోకి ఎంత వణుకు వస్తుంది, అన్నీ రాశారు. ఇంటి కట్టెలకి, అందులోనూ పెద్దవాళ్లకి, నాలుగూ ఒకే సలహా ఇచ్చాయి: బ్యాటరీది కొనండి.

ఔలు నగరంలో నర్సుగా చేస్తున్న మా అమ్మాయి రైయా కూడా ఫోన్లో అదే పాట పాడింది. "అమ్మా, మీట నొక్కితే తిరుగుతుంది. నాన్న తాడు లాగక్కర్లేదు. ఇంకో సుఖం ఏంటంటే, అసలు చప్పుడే ఉండదు!"

నేను ఫోను రెండో చెవికి మార్చుకుని వాతావరణం గురించి అడిగాను.

మా చెట్లు ఇంటికి కిలోమీటరు దూరంలో, ఏటి అవతల ఉన్నాయి. పెట్రోలు రంపం కొంటే ఆయన గుండె ఆ తాడు దగ్గరే ఆగిపోవచ్చు. బ్యాటరీది కొంటే, ఆగినా నాకు తెలియదు. మూడు రాత్రులు ఈ రెంటి మధ్యే పొర్లాను.

శనివారం ఇద్దరం పట్నంలో యంత్రాల దుకాణానికి వెళ్లాం. యజమాని కౌకో నా కొడుకు వయసువాడు. ఇద్దరికీ నమస్కారం పెట్టి, తిన్నగా బ్యాటరీ రంపాల దగ్గరికి తీసుకెళ్లాడు.

"ఇది చూడండి. నాలుగు కిలోలు కూడా లేదు. పిడి ముందు అడ్డంగా ఉన్న ఈ గార్డు ముందుకి తోస్తే గొలుసు టక్కున ఆగిపోతుంది. పెట్రోలు కంపు లేదు, పొగ లేదు."

"ఎంత దూరం వినిపిస్తుంది?" అన్నాను.

"అబ్బే, దాని గురించి మీకు బెంగే వద్దు. పక్కింట్లో పసిపిల్ల ఉన్నా లేవదు."

"నాకు వినిపించాలయ్యా."

కౌకో తానేలి వంక చూశాడు. తానేలి చేతులు చాచాడు. "నన్నడక్కు. రంపం కొనడానికని బయల్దేరింది. ఇప్పుడు చూస్తే చర్చి గంట కొంటున్నట్టుంది."

"దుకాణం వెనక దుంగలున్నాయి కదా," అన్నాను కౌకోతో. "ఒకసారి పెట్రోలుది, ఒకసారి బ్యాటరీది పెట్టి కొయ్యి. నేను రోడ్డు వెంట నడుస్తాను."

అతను మంచివాడు. ఎందుకని అడగలేదు. నేను తలగుడ్డ చెవుల మీంచి వెనక్కి తోసుకుని, అటు తిరగకుండా నడిచాను. పెట్రోలుదాని చప్పుడు, నేను బంకు దాటినా, పాల కేంద్రం దాటినా, బ్యాంకు మలుపు తిరిగినా నా వెంటే వచ్చింది. వెనక్కొచ్చి బ్యాటరీది పెట్టమన్నాను. రెండో దీపస్తంభం దగ్గర అది దోమ. అయిదో స్తంభం దగ్గర ఏమీ లేదు. అక్కడ ఆగి ఊపిరి బిగబట్టాను. మంచు తొక్కుకుంటూ పోయే కారు ఒకటి వినిపించింది, అంతే. వెనక ఇద్దరు మగవాళ్లున్నారని తెలిసి కూడా, వాళ్లు ఉన్నారో లేరో అనిపించింది. గబగబా వెనక్కి వచ్చేశాను, దాదాపు పరిగెత్తాను.

"పెట్రోలుదే," అన్నాను ఆయాసపడుతూ.

తానేలి నా ముఖం చూసి నవ్వు ఆపేశాడు. "ఎందుకే? సరిగ్గా చెప్పు."

చెప్పాను. కిటికీ సంగతి, అత్తగారి మాట, గిన్నె. ఓల్లి పేరు ఎత్తలేదు. ఎత్తక్కర్లేకపోయింది.

ఆయన చేతి తొడుగులు ఒక్కొక్కటే తీశాడు. "అందుకా," అన్నాడు, "నేనెప్పుడొచ్చినా కాఫీ తయారుగా ఉండేది? నా అదృష్టం అనుకున్నానే."

"నీ మొహానికి అదృష్టం కూడానా."

కౌకో దగ్గి, డబ్బాలు సర్దడానికి వెళ్లబోయాడు. తానేలి ఆపాడు. "ఇంటావిడ పెట్రోలుది కావాలంటోంది కదా. ఇటివ్వు."

రంపం నేల మీద పెట్టి, పిడిలో కాలు దూర్చి, తాడు లాగాడు. ఒకటి. రెండు. చల్లబడిపోయిందో ఏమో, అది పలకలేదు. మూడు. నాలుగోసారి చెయ్యి సగంలో ఆగిపోయింది. పెదాల చుట్టూ ఆ బూడిదరంగు మళ్లీ వచ్చింది. కౌకో ఉప్పు బస్తాల మీద కూర్చోబెట్టాడు. ఆయన చెయ్యి పట్టుకుని నాడి లెక్కపెట్టబోయాను. నా వేళ్లే కొట్టుకుంటుంటే ఏది ఎవరిదో తెలియలేదు.

"బ్యాటరీదే ఇవ్వు," అన్నాను.

కౌకో బిల్లు రాస్తూ, మాకు చెప్పాలా వద్దా అన్నట్టు చెప్పాడు. "ఒక్క ఇబ్బంది ఉందండి. గడ్డకట్టే చలిలో బ్యాటరీ త్వరగా నీరసపడిపోతుంది. రెండోది కోటు లోపల, ఒంటికి ఆనించి పెట్టుకోవాలి. పనిచేసేవాడు పెట్టుకుంటే వంగినప్పుడు పొడుచుకుంటుంది. ఇంకొకరెవరైనా పట్టుకుంటే మంచిది."

నేను నేల వంక చూశాను. తానేలి పైకప్పు వంక చూశాడు.

"ఎవరు దొరుకుతారిప్పుడు," అన్నాడు. "అందరికీ పనులే."

"నేనొస్తాను. బ్యాటరీ కోసం," అన్నాను.

సోమవారం పొద్దున్న ఇద్దరం ఏరు దాటాం. నేను మంచు మీద జారే తోపుడు బండి, స్లెడ్జి, పట్టుకుని వెనకే వెళ్లాను. ఆయన ఒక బర్చ్ చెట్టు ఎంచుకుని, దాని ఎత్తుకి రెండింతల దూరం అడుగులేసి కొలిచి, మంచులో కొమ్మ గుచ్చాడు. "ఇది నీ చోటు. నేను పిలిస్తే తప్ప ఈ కొమ్మ దాటకు. నేను పడ్డా సరే, చెట్టు పడేదాకా దాటకు."

"అలాంటి మాటలు అనకు."

"నువ్వే కదా హెచ్చరికలు చదివేది. ఇది మొదటి పేజీలోనే ఉంటుంది."

స్లెడ్జి మీద కూర్చున్నాను. రెండో బ్యాటరీ స్వెట్టరు కింద, పొట్టకి ఆనుకుని ఉంది. చూస్తూ ఉంటే భయం తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. యాభై నాలుగేళ్లు నిశ్శబ్దమని నేను విన్నదాంట్లో ఏముండేదో ఇప్పుడు చూశాను. ఆయన చెట్టు చుట్టూ తిరుగుతాడు. తల బాగా వెనక్కి వాల్చి కొమ్మలు చూస్తాడు, అలా చూసినప్పుడల్లా ఒళ్లు కొద్దిగా ఊగుతుంది. మానుకి చెయ్యి ఆనించి, ఊపిరి కుదిరేదాకా నిలబడతాడు. అలసట చెట్టుకి తప్ప ఎవరికీ తెలియకూడదన్నట్టు నిలబడతాడు. ఇవన్నీ నాకు వినపడనివి. నేను నిద్రపోగలిగిన రాత్రులన్నీ ఇవి తెలియకపోవడం వల్లే.

చెట్టు ఆయన చెప్పినవైపే పడింది. మంచు లేచింది, ఆయన కనిపించలేదు. కొమ్మ పట్టుకుని నిలబడ్డాను. దాటలేదు. మంచు దిగాక మళ్లీ కనిపించాడు. చెయ్యెత్తలేదు. ముందు గార్డు తోసి గొలుసు ఆపాడు, తర్వాత చెయ్యెత్తాడు.

కొమ్మలు కోసి, మానుని ముక్కలు చేసేసరికి బ్యాటరీ అయిపోయింది. తొడుగు తీసిన చెయ్యి చాస్తూ నా దగ్గరికి వచ్చాడు. పెదాల చుట్టూ రంగు మారడం మొదలైంది.

"రెండోది ఇవ్వు. అదిగో, ఆ వంగిన చెట్టు కూడా అయిపోతుంది ఇవాళే."

అది నా పొట్ట మీద అప్పుడే దించిన రొట్టెలా వెచ్చగా ఉంది.

"చల్లబడిపోయింది తానేలీ," అన్నాను.

"చల్లబడిందా?"

"ఐసుముక్కే. కౌకో చెప్పాడు కదా, నీరసపడిపోతుందని."

ఆయన నా ముఖం చూశాడు. కోటు బొత్తాల వంక చూశాడు. వంగిన చెట్టు వంక ఇంకాసేపు చూశాడు.

"పనికిమాలిన వస్తువు," అన్నాడు. "రోజుకో చెట్టు కంటే కొట్టనివ్వదన్నమాట."

"అంతే అనుకుంటా."

"సరే, ఏం చేస్తాం." రంపం నా పాదాల దగ్గర పెట్టి, తోయడానికి స్లెడ్జి వెనక్కి వెళ్లబోయాడు. నేను లేచి ఆయన్ని కూర్చోమన్నాను. కూర్చున్నాడు.