అల్లుడి భుజం మీద చుట్టంపువ్వు

పొద్దున్న ఎనిమిదింటికల్లా బ్రష్షమ్మ కంచె తలుపు దగ్గర స్టూలు వేసుకుని కూర్చునేది. ఆవిడకి అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, దాన్ని దీవిలో అందరూ ఎప్పుడో మర్చిపోయారు, ఆవిడతో సహా. కంచె లోపల, సముద్రపు ఒడ్డు పొదల కింద, ఏడంటే ఏడు చుట్టంపువ్వులు. ఆ మొక్కకి ఆకు లేదు, పచ్చదనం లేదు. పొద వేళ్లని పట్టుకుని, పొద తిండే తిని, ఏడాదికోసారి నేలలోంచి బొటనవేలంత ఎర్రటి మొగ్గని పైకి పంపేది. చుట్టంలా వచ్చి దర్జాగా తిష్ఠ వేసేది కాబట్టి జనం దానికా పేరు పెట్టారు. ఈ దీవిలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదుట.

దాని విత్తనాలు పిండిలా ఉంటాయి. బట్టలకీ చెప్పులకీ అంటుకుని వెళ్లిపోతాయి. అందుకని కంచెలోంచి బయటికొచ్చిన ప్రతివాళ్లనీ బ్రష్షమ్మ నిలబెట్టేది. చెప్పుల అడుగులూ, కాలరూ, చొక్కా మడతలూ బ్రష్షుతో దులిపి, రాలిన పొడిని పొట్లం కట్టేది. ఒకసారి మంత్రిగారొస్తే ఆయన్నీ వదల్లేదు. ఒంటికాలి మీద కొంగలా నిలబెట్టి మరీ దులిపింది. ఆ పొట్లాలు తీసుకెళ్లి మొక్కల ఆఫీసరు కుండీల్లో చల్లేవాడు. మూడేళ్లు చల్లాడు పాపం. ఒక్కటంటే ఒక్కటి మొలిస్తే ఒట్టు!

మధ్యాహ్నం ఒంటిగంటకి అల్లుడు కారియర్ తెచ్చేవాడు. గడియారాలు బాగుచేసే మనిషి. అందరూ ఫోన్లో టైము చూసుకోవడం మొదలెట్టాక కొట్టు మూతపడింది. నాలుగేళ్లుగా అత్తగారింట్లోనే ఉంటున్నాడు. కూతురు పోస్టాఫీసు ఉద్యోగానికి వెళ్తే ఇతను వంట చేసి, కంచె లోపలికొచ్చి, పొద నీడలో చతికిలబడి, అత్తగారు తింటున్నంతసేపూ ఊళ్లో కబుర్లన్నీ చెప్పేవాడు. చెప్పడమా అది? నాటకం. పడవ టికెట్ల ఆయన తుమ్ముని కూడా తుమ్మి చూపించేవాడు. ఆవిడ "చాల్లే" అంటూనే నవ్వేది.

అంతా బాగానే ఉందనుకుంటుంటే, ఒక సాయంత్రం కుండీలు మళ్లీ ఖాళీ అని ఆఫీసరు తల పట్టుకున్నాడు. ఆ చిరాకంతా మోసుకుని ఆవిడ ఇంటికొస్తే, భోజనాల బల్ల నిండా ఎవరిదో గోడగడియారం తాలూకు ముక్కలు. పళ్లెం పెట్టుకోవడానికి జాగా లేదు.

"నువ్వూ ఆ చుట్టంపువ్వూ ఒకటే, ఒకళ్ల మీద పడి తినడంలో. అసలు అదే నయం. ఏడాదికోసారైనా పూస్తుంది" అనేసింది.

అల్లుడు లేచాడు. ముక్కలన్నీ డబ్బాలోకెత్తి, బల్ల శుభ్రంగా తుడిచి, ఆవిడకి వడ్డించాడు. వారం తిరక్కుండా అవతలి ఒడ్డున లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఉద్యోగం చూసుకున్నాడు. కూతురు బదిలీకి అర్జీ పెట్టేసింది. సోమవారం పొద్దుటి పడవకి ప్రయాణం.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అని ఊరికే అన్నారా! వెళ్లొద్దని చెబుదామని ఆవిడ మూడుసార్లు వాళ్ల గది గుమ్మం దాకా వెళ్లింది. మొదటిసారి "గొడుగు పెట్టుకున్నారా?" అని అడిగింది. రెండోసారి "స్వెట్టర్లు?" అంది. మూడోసారి మళ్లీ గొడుగే అడిగింది. పాడు అభిమానం, నోటికి తాళం వేసి కూర్చుంది. రోజూ వాదించే కూతురు కూడా "పెట్టుకున్నామమ్మా" అని ఊరుకుంది. ఆవిడకి ఏడుపొచ్చినంత పనైంది.

సోమవారం రేవులో పెట్టెలు పడవెక్కించారు. అల్లుడు అదేపనిగా ఎడమ భుజం గోక్కుంటున్నాడు.

"చీమేదైనా కుట్టిందేమో చూడవే" అంది బ్రష్షమ్మ.

కూతురు కాలరు కిందికి లాగింది. భుజం మీద బొటనవేలంత ఎర్రటి మొగ్గ, నిగనిగలాడుతూ నిలబడి ఉంది.

"చీమ కాదమ్మా, చుట్టంపువ్వు" అంది.

"అదీ సంగతి. వారంనుంచీ ఒకటే దురద" అన్నాడు అల్లుడు.

"ఎండ తగలనివ్వకు బాబూ, వాడిపోతుంది" అని పక్కనున్న ముసలామె తన గొడుగు పట్టింది. టికెట్ల ఆయన మాత్రం చెయ్యి అడ్డం పెట్టాడు. "చుట్టంపువ్వుని దీవి దాటించకూడదండీ. మీ అత్తగారే కదా రేవులో ఆ బోర్డు రాయించారు?"

కబురందుకున్న ఆఫీసరు ఒక కాలికి చెప్పుతో, చేతిలో భూతద్దంతో పరిగెత్తుకొచ్చాడు. చూసి ఎగిరి గంతేశాడు. "ఎనిమిదోది! ఎనిమిదోదండీ! నేను మూడేళ్లు కుండీలకి చాకిరీ చేశానే!" అంతలోనే అనుమానమొచ్చింది. "ఏమ్మా, ఇతన్ని మీరు దులపలేదా?"

"లేదు."

"నాలుగేళ్లలో ఒక్కసారి కూడానా? మంత్రిగారినే వదల్లేదు మీరు!"

ఆవిడ తల దించుకుంది. "బయటివాళ్లని దులుపుతాం గానీ... ఇంట్లోవాణ్ణి ఎవరు దులుపుతారండీ? నాకు తోచనే లేదు."

పడవ కూత పెట్టింది.

"మనిషిని ఆపే రూలు నా దగ్గర లేదు" అన్నాడు ఆఫీసరు దిగులుగా. "అతను వెళ్తానంటే దీన్ని కోసెయ్యాలి. కోస్తే సాయంత్రం దాకా కూడా బతకదు."

"కోసెయ్యండి" అన్నాడు అల్లుడు. "నేను ఒకళ్లకి బరువుగా ఉండలేను. దానికి నొప్పి లేకుండా చూడండి, అంతే."

ఆఫీసరు కత్తెర తీశాడు.

"ఆగండి!" అంది బ్రష్షమ్మ. రేవంతా ఆగిపోయింది. "తప్పు నాది, అల్లుడూ. మీ మామగారు పోయాక ఆరేళ్లు గోడకేసి చూస్తూ తిన్నాను. రెండు ముద్దలకే చెయ్యి కడిగేసుకునేదాన్ని. నువ్వొచ్చాక, నీ తుమ్ములకి నవ్వుతూ కారియర్ మొత్తం ఊడ్చేస్తున్నాను. ఎవరు ఎవరి మీద పడి బతుకుతున్నట్టు? ఉండిపో బాబూ. మొక్క కోసమని కాదు. మొక్క చస్తే చచ్చింది, నువ్వుండు."

"మొక్క చావడమేంటమ్మా!" అని ఆఫీసరు కెవ్వుమన్నాడు.

అల్లుడు సరేనని తలూపాడు. ఆ ఊపుకి మొగ్గ కూడా ఊగింది. కూతురు ఫక్కున నవ్వేసి, అంతలోనే "అయ్యో, పెట్టెలు!" అని అరిచింది. పడవ అప్పటికే అల్లంత దూరం పోయింది, గొడుగూ స్వెట్టర్లతో సహా.

"రేపొస్తాయి లెండి" అంటూ ఆఫీసరు రిజిస్టరు తెరిచాడు. రూలు ప్రకారం ప్రతి మొక్కకీ ఉన్న చోటు రాయాలి. "ఎనిమిదో మొక్క. చిరునామా చెప్పండి."

"మా అత్తగారి..." అని మొదలెట్టాడు అల్లుడు.

"అతనిల్లు అని రాసుకోండి" అంది బ్రష్షమ్మ. "నేను కూడా అక్కడే ఉంటాను."